విద్యుత్ కారుకు రెండు గొంతులు: హారన్ మార్పిడిపై ఒక సమీక్ష

విద్యుత్ కారుకు కంపెనీ బిగించి ఇచ్చిన హారన్ చాలక, దాని స్థానంలోనో దానికి తోడుగానో మరొకదాన్ని యజమాని సొంతంగా అమర్చుకోవడం పైకి ఒక పూట పనిలా కనిపిస్తుంది. అయితే ఆ చిన్న పనిలోనే ధ్వనిశాస్త్రం, మోటారు వాహనాల చట్టం, 12 వోల్టుల వైరింగు మూడూ కలగలిసి ఉండటం వల్ల, తలా ఒక కోణం నుంచి ఇచ్చే సలహాలు తరచుగా ఒకదానితో ఒకటి పొసగవు. విడిభాగాల దుకాణదారు డెసిబెల్స్ లెక్క చెబుతాడు, షోరూమువాళ్లు వారంటీ పోతుందంటారు, ఆటో ఎలక్ట్రీషియన్ రిలే ఒకటి వేస్తే సరిపోతుందంటాడు, పోలీసు చలానా పుస్తకం తీస్తాడు. ఈ నలుగురి మాటల్లోనూ కొంత నిజం ఉంది గనుక, వాటిని ఒకచోట చేర్చి, పిడుగురాళ్ల వంటి ఊళ్లో, అక్కడి రోడ్ల మీద, అక్కడి ఎండలో ఈ మార్పిడి ఎంతవరకు అవసరం, ఎంతవరకు చట్టసమ్మతం, ఎంతవరకు వృథా అని తేల్చుకోవలసి ఉంటుంది. హారన్ మార్చాలనుకునేవారు సాధారణంగా రెండు వేర్వేరు ఇబ్బందులను ఒకటిగా కలిపి చూస్తారు: పెద్ద రోడ్డు మీద ముందు పోతున్న లారీకి తమ హారన్ వినబడకపోవడం ఒకటి, ఊరి వీధిలో తమ బండి వస్తున్న సంగతి నడిచేవారికి తెలియకపోవడం మరొకటి. మొదటిదానికి బలమైన హారన్ కొంతవరకు పనికొస్తుంది. రెండోదానికి పనికిరాదు సరికదా, చేటు కూడా చేయవచ్చు.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడిన పల్నాడు జిల్లాలో, సున్నపు బట్టీలకు పేరుపడిన పట్టణం పిడుగురాళ్ల. హైదరాబాదు వైపు నుంచి మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి మీదుగా దిగివచ్చే అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి ఈ ఊరిని తాకుతూ నరసరావుపేట వైపు పోతుంది. సున్నపురాయి లారీలు, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల సిమెంటు లారీలు ఏడాది పొడవునా దీని మీద నడుస్తాయి. చలికాలంలో పత్తి లోడ్లు, సంక్రాంతి దాటాక వేసవి మొదలయ్యే దాకా గుంటూరు మిర్చి యార్డుకు పోయే టిక్కీల (మిర్చి బస్తాల) లోడ్లు వాటికి తోడవుతాయి. పత్తి వేసుకున్న ట్రాక్టరు ట్రక్కు రోడ్డుకు రెండు వైపులా ఉబ్బి ఉంటుంది. దాని డ్రైవరుకు వెనుక ఏముందో కనబడదు, ఇంజను చెవి పక్కనే మోగుతుంటుంది, మడ్‌గార్డుల మీద బిగించిన స్పీకర్లలో సినిమా పాట ఆ మోతను మించి వినిపించాలని పోటీ పడుతుంటుంది. అలాంటి డ్రైవరు చెవిని చేరాలంటే ఏ హారన్‌కైనా కష్టమే. పెట్రోలు కారు నుంచి ఈవీకి (విద్యుత్ కారుకు) మారినవారికి ఈ కష్టం మరింతగా అనుభవానికి వస్తుంది, ఎందుకంటే తమ కారు లోపల నిశ్శబ్దంగా ఉండటంతో బయట మోగే తమ హారన్ ఎంత పీలగా ఉందో వారికి మొదటిసారి స్పష్టంగా వినబడుతుంది.

హారన్ పనిచేసే పద్ధతి వందేళ్లుగా పెద్దగా మారలేదు. ఒక పలుచని ఉక్కు పొర (దీన్నే డయాఫ్రమ్ అంటారు), దాని వెనుక ఒక విద్యుదయస్కాంతం, ఆ అయస్కాంతానికి కరెంటు అందించే ఒక జత కాంటాక్టులు ఉంటాయి. కరెంటు పారగానే అయస్కాంతం పొరను లాగుతుంది, ఆ లాగుడుకే కాంటాక్టులు విడిపోయి కరెంటు ఆగుతుంది, పొర వెనక్కి పోగానే కాంటాక్టులు మళ్లీ కలుస్తాయి. సెకనుకు నాలుగు వందల సార్లకు అటూ ఇటూగా జరిగే ఈ కలయిక–విడుపుల నుంచే హారన్ స్వరం పుడుతుంది. దీనికి ముందు తరం యంత్రం, 1908 ప్రాంతంలో అమెరికాలో అమ్మకానికి వచ్చిన క్లాక్సన్, మోటారుతో తిరిగే పళ్ల చక్రం పొర మధ్యనున్న రివెట్టును కొట్టుకుంటూ పోవడం వల్ల మోగేది. దాన్ని రూపొందించిన మిల్లర్ రీస్ హచిసన్ అంతకుముందు వినికిడి తక్కువైనవారి కోసం విద్యుత్ పరికరం తయారుచేసిన మనిషి కావడం చరిత్రలోని చిన్న చమత్కారం. నేటి కార్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. చదునుగా, బిళ్లలా ఉండేది డిస్క్ హారన్. దాని గొంతు కీచుగా, గట్టిగా ఉంటుంది. పొర ముందున్న గాలిని నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం గుండా పంపేది ట్రంపెట్ హారన్. గొట్టం పొడవును బట్టి స్వరం కిందికి దిగి, నిండుగా వినిపిస్తుంది. మంచి కార్లలో ఒక మంద్ర స్వరం, ఒక తార స్వరం కలిపి జంటగా బిగిస్తారు. మనదేశంలో ఈ జంటల మార్కెట్టును కోయంబత్తూరుకు చెందిన రూట్స్, ఉత్తరాదిన యూనో మిండా వంటి సంస్థలు చాలావరకు పంచుకుంటున్నాయి. కంపెనీ బిగించిన హారన్ తీసి అవతల పెట్టి జంట హారన్లు వేయించుకోవడం పెట్రోలు కార్ల కాలం నుంచే ఆటోనగర్లలో రోజువారీ పని.

ఈవీలో హారన్ పీలగా వినబడటానికి రెండు కారణాలు కనిపిస్తాయి. చిన్న కార్లలో ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే ఒక్క డిస్క్ హారన్‌తో సరిపెట్టడం మొదటిది. ఇది ఈవీలకే పరిమితమైన పిసినారితనం కాదు. రెండోది ఈవీల స్వభావంలోనే ఉంది: రేడియేటరుకు పెట్రోలు కారుకు కావలసినంత గాలి అక్కర్లేదు గనుక, గాలి నిరోధం తగ్గించి ఒక్క ఛార్జింగుతో నాలుగు కిలోమీటర్లు ఎక్కువ నడిపించడం కోసం ముందు జాలీని చాలావరకు మూసివేస్తారు. ఆ మూసిన ప్లాస్టిక్కు పలక వెనుక బిగించిన హారన్ మోతలో, ముఖ్యంగా దూరానికి చొచ్చుకుపోయే పై స్వరాలలో, కొంత భాగం అక్కడే అణగిపోతుంది. కాబట్టి కొత్త హారన్ కొనేముందు పాత హారన్ ఎక్కడ, ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందో చూడటం తెలివైన పని. దాన్ని బంపరు కింది సందు వైపు తిప్పి బిగించడంతోనే కొందరి సమస్య తీరిపోవచ్చు.

బలం ఎంత పెంచితే ఎంత లాభమనే లెక్కకు వస్తే, డెసిబెల్ అనే కొలత మామూలు కూడికకు లొంగదని ముందు గ్రహించాలి. ఒకే బలమున్న రెండు హారన్లు కలిసి మోగితే మోత రెట్టింపు కాదు, 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఐక్యరాజ్యసమితి 28వ వాహన నిబంధన ప్రకారం కారు హారన్‌ను విడిగా రెండు మీటర్ల దూరం నుంచి కొలిచినప్పుడు 105కు తగ్గకుండా, 118కి మించకుండా ఉండాలి. కారుకు బిగించాక ఏడు మీటర్ల దూరంలో 93కూ 112కూ మధ్య ఉండాలి. రెండు నుంచి ఏడు మీటర్లకు వచ్చేసరికి దాదాపు 11 డెసిబెల్స్ తగ్గుతాయి గనుక 105 మోత 94 అవుతుంది, అంటే కనీస హద్దుకు ఒక్క డెసిబెల్ పైన. ఆ మోత 28 మీటర్ల దగ్గర 82కు, 56 మీటర్ల దగ్గర 76కు పడిపోతుంది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు 56 మీటర్లంటే రెండున్నర సెకన్ల దూరం. అద్దాలు బిగించుకున్న ఏసీ కారులోనో, ఇంజను పక్కన కూర్చున్న ట్రాక్టరు మీదనో ఉన్న మనిషికి ఆ దూరం నుంచి 76 డెసిబెల్స్ చేరడం అనుమానమే. అదే బలమున్న మరో హారన్ తోడు చేసినా, లభించేది అదనంగా సుమారు ఒక సెకను వ్యవధి మాత్రమే. దుకాణాల్లో అట్టపెట్టె మీద ముద్రించిన పెద్ద పెద్ద డెసిబెల్ అంకెలు ఎంత దూరం నుంచి కొలిచినవో రాయకపోతే వాటికి అర్థమే లేదు.

బలం పెంచితే దక్కే లాభం ఇంత తక్కువ కావడం వల్లే, బలం కన్నా స్వరం ఎక్కువ లెక్కలోకి వస్తుంది. డీజిలు ఇంజను రొద ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. మనిషి చెవి రెండు నుంచి ఐదు వేల హెర్ట్జుల మధ్య చురుకుగా వింటుంది. హారన్ శక్తిలో ముఖ్యభాగం 1,800 నుంచి 3,550 హెర్ట్జుల పట్టీలో ఉండాలని అదే 28వ నిబంధన కోరడం ఈ గ్రహింపు మీద ఆధారపడినదే. రెండు స్వరాలు ఒకేసారి మోగినప్పుడు వాటి ఉపస్వరాలు ఎక్కువ వెడల్పున పరుచుకుంటాయి కాబట్టి, ఒక స్వరాన్ని రొద మింగేసినా మరొకటి బయటపడే అవకాశం ఉంటుంది. ఒకే బలం గల ఒంటి హారన్ కన్నా జంట హారన్ తొందరగా గుర్తుపట్టేలా ఉండటం ఇందువల్లే. యజమాని డబ్బుకు నిజంగా దక్కే ఫలితం కూడా ఇదే.

చట్టం విషయానికి వస్తే, ప్రతి మోటారు వాహనానికీ భారతీయ ప్రమాణం ఐఎస్ 1884కు సరిపోయే విద్యుత్ హారన్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 119వది చెబుతుంది. ఒకదాని తరవాత ఒకటిగా వేర్వేరు స్వరాలు పలికే హారన్లను, చెవులు చిల్లులుపడేలా కర్కశంగానో భయపెట్టేలానో మోగే ఏ సాధనాన్నైనా అదే నిబంధన నిషేధిస్తుంది. అంబులెన్సులు, అగ్నిమాపక శకటాల వంటివాటికి మాత్రమే మినహాయింపు ఉంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది: రెండు స్వరాలు ఏకకాలంలో, నిలకడగా పలకడం నిషిద్ధం కాదు, ఎన్నో కార్లు ఫ్యాక్టరీ నుంచి అలాగే వస్తున్నాయి, వరసగా మారే స్వరాలే నిషిద్ధం. కాబట్టి పాట పాడే హారన్ ఎంత మెల్లగా మోగినా తప్పే, జంట హారన్ హద్దులో ఉన్నంతవరకు ఒప్పే. 1988 చట్టంలోని 52వ సెక్షన్ వాహనంలో ‘మార్పు’ను కట్టడి చేస్తుంది గానీ, దాని మూల లక్షణాన్ని మార్చేసే నిర్మాణ మార్పునే అది మార్పుగా నిర్వచిస్తుంది, ప్రమాణ ముద్ర ఉన్న హారన్‌ను మరో ప్రమాణబద్ధమైన హారన్‌తో మార్చడం ఆ నిర్వచనంలోకి వస్తుందని వాదించడం కష్టం. ప్రమాణం దాటితే మాత్రం 2019 సవరణ తరవాత శిక్షలు తేలికవి కావు. నిబంధనలు అనుమతించని మార్పు చేసిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు; శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించే బండి నడిపితే 190వ సెక్షన్ కింద జరిమానా 10,000 దాకా పోతుంది; హారన్ ఎంత మంచిదైనా అనవసరంగా, ఆపకుండా కొడితే 194ఎఫ్ కింద మొదటిసారి 1,000, తరవాత 2,000 రూపాయలు కట్టాలి. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలోనూ, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాల్లోనూ అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు, వాటికి 2010లో చేసిన సవరణ శాసిస్తున్నాయి. ఈ చివరి నియమం ఉన్నదని తెలిసిన డ్రైవర్లు ఎందరో గుంటూరు రోడ్డులో ఏ రాత్రి పూట నిలబడి విన్నా తెలుస్తుంది.

మార్పిడికి సాధారణంగా నాలుగు దారులు ప్రచారంలో ఉన్నాయి. ఉన్న ఒంటి డిస్క్‌కు మరో స్వరమున్న డిస్క్ కలపడం అన్నిటికన్నా తేలిక. రెండు కలిసి సుమారు 7, 8 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. ట్రంపెట్ జంట వేయడం వినసొంపుగా ఉంటుంది, చోటు ఎక్కువ కావాలి, 10 ఆంపియర్ల దాకా పోవచ్చు. లారీ తరహా గాలి హారన్ మూడోది: లారీకి బ్రేకుల కోసం గాలి ట్యాంకు ఎలాగూ ఉంటుంది, కారుకు ఉండదు గనుక చిన్న కంప్రెసర్ వేయాలి, అది బరువు, అది ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది, మీట నొక్కాక గాలి నిండి మోగడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది, మోగాక హద్దు దాటుతుంది. ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలో ఆలస్యంగా మోగి, మామూలు వేళల్లో పక్కవాడి గుండె ఆపే సాధనాన్ని మెరుగుదల అనడం సబబు కాదు. స్పీకరు ద్వారా రకరకాల ధ్వనులు వెలువరించే ఎలక్ట్రానిక్ హారన్లు నాలుగోవి. వాటిలో అత్యధికం 119వ నిబంధన ముందు నిలవవు. మొదటి రెండే చర్చకు యోగ్యమైనవి.

అసలు పనిలో ఈవీ యజమానిని ఎక్కువగా భయపెట్టేది హైవోల్టేజీ. 2020 జనవరిలో మార్కెట్టులోకి వచ్చిన మొదటి టాటా నెక్సాన్ ఈవీలో 30.2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ మూడు వందల వోల్టులకు పైబడి పనిచేస్తుంది. దాని కేబుళ్లు నారింజ రంగులో ఉంటాయి, వాటి జోలికి శిక్షణ లేనివారు పోకూడదు. హారన్‌కు ఆ బ్యాటరీతో నేరుగా సంబంధం లేదు. లైట్లు, అద్దాలు, తాళాలు, కంప్యూటర్ల కోసం ప్రతి ఈవీలోనూ దాదాపు పెట్రోలు కారులో ఉన్నట్టే మరో చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఆల్టర్నేటరుకు బదులు డీసీ–డీసీ కన్వర్టర్ అనే పరికరం పెద్ద బ్యాటరీ నుంచి నింపుతుంది. హారన్ ఈ చిన్న బ్యాటరీ మీదే నడుస్తుంది. కొత్త హారన్ వేస్తే రేంజి తగ్గుతుందన్న శంకకు కూడా ఆధారం లేదు: 10 ఆంపియర్ల జంటను రోజుకు మొత్తం మీద ఒక నిమిషం మోగించినా ఖర్చయ్యేది రెండు వాట్ అవర్లు, అంటే పై కారు బ్యాటరీలో పదిహేను వేలవ వంతు.

చిక్కంతా వేరేచోట ఉంది. పాత కార్లలో హారన్ మీట ఒక రిలేను, రిలే హారన్‌ను నడిపేవి. ఇప్పటి కార్లలో స్టీరింగు మీట కంప్యూటరుకు సంకేతం పంపితే, ఆ కంప్యూటరు హారన్ తీగకు కరెంటు వదులుతుంది. ఆ దారి ఒకే ఒక హారన్ లాగే మూడు నాలుగు ఆంపియర్లకు లెక్కవేసి కట్టినది కావచ్చు. దానికే నేరుగా రెండు పెద్ద హారన్లు తగిలిస్తే ఫ్యూజు పోవడం అదృష్టం, కంట్రోల్ మాడ్యూల్ పోవడం దురదృష్టం. అందుకే పాత హారన్‌కు వచ్చే తీగతో కొత్త హారన్లను కాక రిలేను నడిపించాలి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే విద్యుదయస్కాంతపు మీట. దాని కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలు చెక్కి ఉంటాయి. పాత హారన్ తీగలు రెండు 85, 86లకు, 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే కొత్త తీగ 30కి, 87 నుంచి కొత్త హారన్లకు, హారన్ల రెండో కొస బాడీ ఎర్తుకు కలపాలి. రిలే చుట్ట లాగేది ఆంపియరులో ఐదో వంతుకు మించదు గనుక కారు కంప్యూటరుకు భారం పెరగదు. చుట్టకు కరెంటు ఆగిన క్షణంలో ఎదురు దిశలో ఎగిసే వోల్టేజీ మాడ్యూల్‌ను తాకకుండా, లోపలే డయోడు గానీ రెసిస్టరు గానీ ఉన్న రిలేను ఎంచుకోవడం మంచిది. డయోడు ఉన్న రకమైతే 85, 86లు తారుమారు కాకూడదు.

తీగ మందం విషయంలో చేసే పొదుపు నేరుగా మోతలో కోతగా మారుతుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ మూడు మీటర్లు లాగి 10 ఆంపియర్లు పంపితే దారిలోనే ఒక వోల్టు పోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే పోయేది వోల్టులో ఐదో వంతు. కొత్త హారన్ కూడా పాతదానిలాగే ఉందని నిరాశపడేవారి కథ చాలాసార్లు ఈ తీగ దగ్గరో, రంగు గీకకుండా బిగించిన ఎర్తు బోల్టు దగ్గరో తేలుతుంది. ఫ్యూజు, 15 ఆంపియర్లది, బ్యాటరీ కొసకు జానెడు దూరంలోనే ఉండాలి. హారన్ దగ్గర పెడితే మధ్యలో తీగ ఒరుసుకుపోయినప్పుడు కాపాడేది ఏమీ ఉండదు. కంపెనీ వైరింగును కోసి, మెలితిప్పి, టేపు చుట్టడం ఆటోనగర్ అలవాటే అయినా ఈవీలో అది వారంటీ తగాదాకు పిలుపు. పాత హారన్ కప్లర్‌కు సరిపోయే జోడు కప్లర్ కొని అందులోంచి తీసుకుంటే, అవసరమైనప్పుడు పది నిమిషాల్లో కారును పాత రూపానికి తేవచ్చు. పని మొదలుపెట్టే ముందు కారు ఛార్జింగులో లేకుండా చూసి, ఆపివేసి, తాళం దూరంగా పెట్టి, కొన్ని నిమిషాలు ఆగి 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ కొస విప్పాలి. అది విప్పాక కొన్ని కార్లలో డిక్కీ తెరుచుకోదు గనుక సామాను ముందే బయట పెట్టుకోవాలి. బంపరు వెనుక రాడారు ఉన్న కార్లలో దాని ముందు ఏమీ బిగించకూడదు. డిస్క్ హారన్ వెనకుండే వంగే ఉక్కు పట్టీని తీసేసి నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే పొర స్వేచ్ఛగా ఆడక గొంతు బొంగురుపోతుంది. ట్రంపెట్ నోరు కిందికి చూడాలి, లేకపోతే మొదటి వానకే నీరు నిలుస్తుంది.

పిడుగురాళ్లలో నీటికన్నా దుమ్ము పెద్ద సమస్య. సున్నపు పొడి గాలిలోని తేమ తగిలి గట్టిపడే గుణమున్నది. మామూలు రోడ్డు మట్టిలా దులిపితే రాలిపోదు. ట్రంపెట్ గొట్టం లోపల, డిస్క్ అంచుల వెంట అది పొరలు కడితే స్వరం మారిపోతుంది. దాన్ని సరిచేయడానికి చాలామంది హారన్ వెనకున్న లక్క ముద్ర చెరిపి, స్క్రూ తిప్పి ‘ట్యూనింగు’ చేయిస్తారు. ఆ స్క్రూ కాంటాక్టుల ఎడాన్ని మార్చేది, శుభ్రం చేసేది కాదు. ఎడం తగ్గి కరెంటు పెరిగితే కాంటాక్టులు కాలిపోతాయి. ముందు ఊది, తుడిచి, ఆ తరవాతే స్క్రూ జోలికి పోవడం క్రమం. ఇక ఎండ సంగతి: రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి వస్తుందన్నది ఆ రంగంలోని స్థూల సూత్రం. ఈవీలో చిన్న బ్యాటరీ చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు, ఎందుకంటే పెద్దదాన్ని కలిపే కాంటాక్టర్లను మూయవలసింది చిన్నదే. మే నెలలో హారన్ బొంగురుపోతే హారన్‌ను తిట్టేముందు ఆ బ్యాటరీ వోల్టేజీ కొలిపించుకోవడం ఉత్తమం. అది రాబోయే పెద్ద కష్టానికి ముందస్తు సూచన కావచ్చు.

ఇంతవరకు చర్చించినది హైవే సమస్య. వీధి సమస్య దీనికి పూర్తిగా భిన్నమైనది. గంటకు ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ వేగం దాటాక ఏ కారుకైనా టైర్ల మోతే ప్రధానమవుతుంది. ఆలోపు మాత్రం ఈవీ దాదాపు మూగది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2011లో ప్రకటించిన విశ్లేషణలో హైబ్రిడ్ కార్లు పాదచారులను ఢీకొనే అవకాశం మామూలు కార్లకన్నా 35 శాతం, సైకిలు వారిని ఢీకొనే అవకాశం 57 శాతం ఎక్కువగా తేలింది. బ్రిటన్‌లో 2013–17 మధ్య ప్రమాదాలను పరిశీలించి 2024లో వెలువరించిన అధ్యయనం, నడిచిన దూరంతో పోల్చి చూస్తే విద్యుత్, హైబ్రిడ్ కార్లు పాదచారులను ఢీకొనే రేటు సుమారు రెట్టింపని చెప్పింది. అక్కడి పట్టణాలకు కాలిబాటలున్నాయి. ఇక్కడ కాలిబాట, బండిబాట, గేదెల బాట ఒక్కటే. వెనుక నుంచి మూగగా వచ్చిన కారు అకస్మాత్తుగా వంద డెసిబెల్స్‌తో అరిస్తే, మనిషి పక్కకు తప్పుకోవడానికి బదులు ఎటు గెంతుతాడో చెప్పలేము, గేదె సంగతి చెప్పనే అక్కర్లేదు.

ప్రపంచం దీనికి కనుగొన్న జవాబు ఏవాస్ అనే పొట్టి పేరుతో పిలిచే హెచ్చరిక వ్యవస్థ: కారు మెల్లగా పోతున్నంతసేపు స్పీకరు ద్వారా దానంతట అదే సన్నని మోత వెలువరించడం, వేగంతో పాటు ఆ మోత స్వరం మారడం. 2016లో రూపొందిన ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం దాకా దీన్ని కోరుతుంది. రెండు మీటర్ల దూరంలో పది కిలోమీటర్ల వేగం వద్ద 50, ఇరవై వద్ద 56 డెసిబెల్స్‌కు తగ్గరాదని, 75కు మించరాదని చెబుతుంది. యూరపులో 2021 జులై నుంచి కొత్త ఈవీలన్నిటికీ ఇది తప్పనిసరి. అదే రెండు మీటర్ల దూరంలో హారన్‌కు కనీసం 105 కావాలన్న సంగతి గుర్తుకు తెచ్చుకుంటే, నడిచేవాడికి కావలసిన శబ్దానికీ హారన్‌కూ శక్తిలో దాదాపు ఎనభై వేల రెట్ల తేడా ఉంది. ఏవాస్ మోతతో ఆటలాడితే ఏమవుతుందో 2022 ఫిబ్రవరిలో టెస్లా చవిచూసింది; పాటలు, మేక అరుపులు బయటి స్పీకరులో వినిపించే సదుపాయం హెచ్చరిక మోతను కప్పేస్తుందన్న కారణంగా అమెరికాలో 5,78,607 కార్లకు రీకాల్ ప్రకటించవలసి వచ్చింది.

యజమాని సొంతంగా ఏవాస్ బిగించుకోగలడా అంటే, వేగం సంకేతాన్ని కారు సమాచార తీగల నుంచి తీసుకోవలసిన ఏ పరికరమూ ఇంటి పనికి తగినది కాదు. దానికన్నా సులభమైన ఉపాయం ఒకటుంది. 2011 మోడలు చెవ్రొలే వోల్ట్‌లో ఇండికేటరు కాడ చివర ఒక మీట ఉండేది. దాన్ని నొక్కితే హారన్ పూర్తి గొంతుతో కాక, పాదచారి ఉలిక్కిపడని రీతిలో పొట్టిగా పలికేది. ఊరికొక హారన్, బయటికొక హారన్ ఉండే ఏర్పాటు పాత యూరపు కార్లు కొన్నిటిలోనూ ఉండేది. పైన చెప్పిన రిలే పద్ధతిలోనే ఇది సాధ్యం: పాత హారన్‌ను తీసివేయకుండా దాని తీగ మీదే ఉంచి, రిలే చుట్టకు పోయే తీగ మధ్యలో డాష్‌బోర్డు మీద చిన్న స్విచ్చు ఒకటి వేయాలి. స్విచ్చు ఆపి ఉన్నప్పుడు స్టీరింగు మీటకు కంపెనీ ఇచ్చిన పీల హారన్ ఒక్కటే పలుకుతుంది, వేసినప్పుడు కొత్త జంట కూడా తోడవుతుంది. ఆ స్విచ్చు గుండా పారేది ఆంపియరులో ఐదో వంతే కాబట్టి ఎంత చిన్నదైనా సరిపోతుంది. ఏ స్థితిలోనూ కారు చట్టం కోరిన కనీస హారన్ లేకుండా ఉండదు. కంపెనీ పిసినారితనానికి గుర్తుగా పారేసే ఆ ఒంటి డిస్కే ఊరి వీధికి తగిన గొంతు కావడం వల్ల, హారన్ మార్పిడి అన్నమాటకు బదులు హారన్ చేర్పు అన్నదే ఈ పని స్వరూపానికి దగ్గరగా ఉంటుంది. పీల హారన్ కూడా ఏవాస్‌కు ప్రత్యామ్నాయం కాదు. అది డ్రైవరు చూసిన మనిషికే మోగుతుంది, చూడని మనిషికి మోగదు.

ఆ లోటు పూడ్చే ప్రయత్నంగా కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025 సెప్టెంబరులో ముసాయిదా ప్రకటన వెలువరించింది. ఏఐఎస్ 173 అనే ప్రమాణం ప్రకారం కొత్త మోడళ్లకు 2026 అక్టోబరు 1 నుంచి, అప్పటికే తయారవుతున్న మోడళ్లకు 2027 అక్టోబరు 1 నుంచి ఏవాస్ తప్పనిసరి చేయాలన్నది దాని ప్రతిపాదన. అది వర్తించేది ఎం, ఎన్ తరగతులకు, అంటే కార్లు, బస్సులు, సరుకు బండ్లకు. ఇప్పటికే అమ్ముడైన కార్ల గురించి అందులో ఏమీ లేదు. అంతకన్నా పెద్ద ఖాళీ మరొకటుంది: చిన్న పట్టణాల వీధుల్లో, బడి పిల్లలను దింపుతూ, సంతకు కూరగాయలు మోస్తూ చప్పుడు లేకుండా తిరిగే బండ్లలో కార్లకన్నా విద్యుత్ ఆటోలు, స్కూటర్లే ఎక్కువ, అవి ఎల్ తరగతిలోకి వస్తాయి. వాటిలో చాలా ఆటోలకు 48 వోల్టుల బ్యాటరీ నుంచి చిన్న కన్వర్టరు మీద నడిచే హారనే ఉంటుంది, ఏవాస్ మాట ఆ ముసాయిదాలో వాటికి చెప్పలేదు.